కజిన్ అంటే ఏం వరస?

బరంపురం నుంచి ఒక పాఠకురాలు పోయిన నెల మాకు ఉత్తరం రాశారు. వారి మనుమడు ఆరో తరగతి చదువుతున్నాడు. బడిలో వంశవృక్షం గీసుకొని రమ్మన్నారట. అచ్చువేసి ఇచ్చిన కాగితంలో తాతకూ నాయనమ్మకూ తల్లికీ తండ్రికీ తలా ఒక గడి ఉన్నది. అడుగున ఒక పెద్ద గడి గీసి దానిమీద కజిన్స్ అని రాసి ఉన్నది. "కజిన్ అంటే తెలుగులో ఏమిటి, అవ్వా?" అని పిల్లవాడు అడిగితే ఆవిడకు వెంటనే మాట తోచక, పొయ్యిమీద పప్పు పొంగుతున్నదని వంటింట్లోకి వెళ్ళారట. పప్పు దించి వచ్చిన తరువాత కూడా మాట తోచలేదట. "నాలుగు భాషలు మాట్లాడే ఇంట్లో ఒక్క మాటకు కరువు వచ్చిందేమిటి? మీరైనా చెప్పండి" అని అడిగారు.

అమ్మా, ఆ ఒక్క మాట మా దగ్గరా లేదు. నిఘంటువు తిరగవేస్తే ఒక వరుస మాటలు కనబడతవి గాని, ఒక్క మాట కనబడదు. మనకు మాట కరువై లేకపోలేదు. ఇంగ్లీషువాడు ఒక్క గంపలో వేసిన వాళ్ళందరినీ మనం మొదటినుంచీ వేరువేరు పీటలమీద కూర్చోబెట్టాము. అందుచేత ఆ గంపకు పేరు పెట్టే అవసరం మన పెద్దలకు కలగలేదు.

ముందు ఇంగ్లీషువాడి లెక్క ఏమిటో చూద్దాము. ఆ లెక్క మన చదువుకున్న వాళ్ళలో కూడా చాలామందికి తప్పుతుంది. తాతా అవ్వా ఒక్కరే అయి, తల్లిదండ్రులు వేరైన వాళ్ళు ఫస్ట్ కజిన్స్. ముత్తాత ఒక్కడై, అక్కడినుంచి చీలి వచ్చిన ఒకే తరం వాళ్ళు సెకండ్ కజిన్స్. ఇద్దరి మధ్యా ఒక తరం తేడా ఉంటే వన్స్ రిమూవ్డ్ అంటారు, రెండు తరాలు ఉంటే ట్వైస్ రిమూవ్డ్. నా ఫస్ట్ కజిన్ కొడుకు నాకు సెకండ్ కజిన్ కాడు, ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్ అవుతాడు. నా కొడుకూ వాడూ ఒకరికొకరు సెకండ్ కజిన్స్. ఈ రిమూవ్డ్ అన్న మాటను చూసి ఎవరినో ఇంట్లోనుంచి తీసివేశారని కంగారుపడనక్కరలేదు. ఒక మెట్టు అవతల అని మాత్రమే దాని అర్థం.

ఈ లెక్కలో మగా ఆడా తేడా లేదు, పెద్దా చిన్నా తేడా లేదు, తల్లివైపా తండ్రివైపా అన్న ఊసు లేదు. ఎంత దూరం అన్నదొక్కటే ప్రశ్న. యానాములో పాత ఫ్రెంచి కాగితాలు దాచుకున్న ఇళ్ళవారికి గుర్తుండవచ్చు, ఫ్రెంచివాడు కనీసం ఆడపిల్లకు వేరే మాట పెట్టుకున్నాడు, మగవాడు కుజాఁ, ఆడది కుజీన్. ఆ భాషలో కుజాఁ అంటే దోమ అని కూడా అర్థం ఉన్నది. రెండు మాటలూ వేరువేరు చోట్ల పుట్టి ఒక్క రూపంలోకి వచ్చినవని పండితులు చెబుతారు. పండుగ సెలవులకు చుట్టాల పిల్లలు పదిమంది దిగిన ఇంట్లో వాళ్ళకు ఈ సంగతి మరీ విడమరిచి చెప్పనక్కరలేదు.

తమాషా ఏమిటంటే, ఈ మాటలు మొదట పుట్టినప్పుడు ఇంత గుడ్డిగా లేవు. కజిన్ అన్నది లాటిన్‌లో కాన్‌సోబ్రీనుస్ అన్న మాటనుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని లోపల అక్కచెల్లెలు అన్న అర్థం దాగి ఉన్నది. అక్కచెల్లెళ్ళ బిడ్డలు అని దాని తొలి అర్థం. అంటే మన పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు. తండ్రి అన్నదమ్ముల పిల్లలకు లాటినువాళ్ళు వేరే మాట వాడేవారు, మేనత్త పిల్లలకు మరొకటి. అంకుల్ సంగతి ఇంకా బాగుంటుంది. అది అవుంకులుస్ అన్న మాటకు మనుమడు. అవుంకులుస్ అంటే తల్లి తోడబుట్టినవాడు, అంటే అచ్చంగా మేనమామ. తండ్రి తమ్ముణ్ణి ఆ మాటతో పిలిస్తే ప్రాచీన రోమునగరంలో జనం నవ్వి ఉండేవారు. ఆంట్ అన్నది అమిత అన్న మాటనుంచి వచ్చింది. అమిత అంటే తండ్రి తోడబుట్టినది, మన మేనత్త. పిన్నికి వాళ్ళకు వేరే మాట ఉండేది. కాబట్టి ఈనాడు మన పిల్లలు బస్సులో టికెట్టు ఇచ్చేవాణ్ణి అంకుల్ అన్నప్పుడు, వాళ్ళకు తెలియకుండానే మేనమామా అని పిలుస్తున్నారన్నమాట. ఇంగ్లీషువాడి ముత్తాతలకు మనకున్న వివరమే ఉండేది. నడిచి వచ్చే దారిలో ఆ నాణేలన్నీ జారిపోయి చేతిలో ఒక్క చిల్లర మిగిలింది.

మన లెక్క దూరం లెక్క కాదు, వరస లెక్క. కొత్తగా ఇద్దరు తెలుగువాళ్ళు ఏ సోలాపురంలోనో కోయంబత్తూరులోనో కలుసుకున్నారనుకోండి. ఇంటిపేర్లు, ఊళ్ళు అయిన తరువాత వచ్చే ప్రశ్న, మనకు ఏం వరస అవుతుంది అని. ఎన్నో మెట్టు అని ఎవరూ అడగరు. నాన్న అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న. ఆ మాటల్లోనే నాన్న ఉన్నాడు చూడండి. అమ్మ అక్కచెల్లెళ్ళు పెద్దమ్మ, చిన్నమ్మ. వాళ్ళలో అమ్మ ఉన్నది. కనుక వాళ్ళ పిల్లలు మనకు అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. దానికి ముందు ఏ తోకా తగిలించనక్కరలేదు. అమ్మ తోడబుట్టినవాడు మేనమామ, నాన్న తోడబుట్టినది మేనత్త. వాళ్ళ పిల్లలు మనకు బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్ళు. ఒక పక్క రాఖీ, మరొక పక్క సరసం. తెలుగు పిల్లకు నడక వచ్చిన కొత్తలోనే ఈ రెండు గదులకూ మధ్య గుమ్మం ఎక్కడున్నదో తెలుస్తుంది.

ఇది మనం ఒకరమే గొప్పగా చెప్పుకోవలసినది కాదు. తమిళులకూ కన్నడిగులకూ ఇదే ఏర్పాటు. తమిళుల అత్తాన్, కన్నడిగుల భావ మన బావకు అన్నదమ్ములే. 1871లో లూయీ హెన్రీ మోర్గన్ అనే అమెరికా పండితుడు లోకంలోని అనేక జాతుల చుట్టరికపు మాటలు సేకరించి పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో తమిళ, తెలుగు, కన్నడ మాటల పట్టికలున్నవి. అమెరికాలోని ఇరొక్వా తెగవారి మాటల ఏర్పాటుకూ మన ఏర్పాటుకూ ఉన్న పోలిక చూసి ఆయన విస్తుపోయాడు. ఆ పోలికనుంచి ఆయన కట్టిన సిద్ధాంతాలు చాలావరకు నిలవలేదు గాని, పట్టికలు మాత్రం ఈనాటికీ పండితులు తిరగవేస్తూనే ఉన్నారు.

వరస లెక్క ఎంత గట్టిదో చూడాలంటే దాన్ని మనది కాని ఇంట్లో పెట్టి చూడాలి. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లండు రాజు అయిదవ జార్జి, రష్యా చక్రవర్తి రెండవ నికొలస్, జర్మనీ కైజరు రెండవ విల్‌హెల్మ్ ముగ్గురూ కజిన్స్ అని ప్రతి చరిత్ర పుస్తకంలోనూ ఉంటుంది. కజిన్స్ కొట్టుకున్నారట అని చదివి ఊరుకుంటాము. ఒక్కసారి తెలుగులో చదవండి. జార్జి తల్లీ నికొలస్ తల్లీ డెన్మార్కు రాజు కూతుళ్ళు, సొంత అక్కచెల్లెళ్ళు. కనుక జార్జీ నికొలసూ అన్నదమ్ములు. జార్జి పుట్టింది 1865, నికొలస్ 1868. జార్జి అన్న, నికొలస్ తమ్ముడు. విల్‌హెల్మ్ తల్లి జార్జి తండ్రికి అక్క. అంటే విల్‌హెల్మ్ జార్జికి మేనత్త కొడుకు, 1859లో పుట్టినవాడు, బావ. ఇక నికొలస్ భార్య అలెగ్జాండ్రా తల్లీ విల్‌హెల్మ్ తల్లీ అక్కచెల్లెళ్ళు. అందుచేత విల్‌హెల్మ్ ఆమెకు అన్న, నికొలస్‌కు భార్య అన్నగారు, మళ్ళీ బావే. అన్నదమ్ములిద్దరూ ఒక పక్క, ఇద్దరికీ బావ అయినవాడు ఎదటి పక్క. యుద్ధంలో జట్లు కూడా అట్లాగే ఉన్నవి.

ఇంకొక మెట్టు దిగుదాము. ఆ అలెగ్జాండ్రా జార్జికి ఏమవుతుంది? ఆమె తల్లి జార్జికి మేనత్త, ఆమె జార్జికంటే ఏడేళ్ళు చిన్న, కనుక మరదలు. తమ్ముడి భార్య గనక అటునుంచి చూసినా మరదలే. రెండు దారుల్లో వెళ్ళినా ఒక్క ఇంటికే చేరాము. ఎన్నడూ తెలుగు వినని రాచకుటుంబం మన వరసల్లో ఇట్లా అతుక్కుపోవడం చూస్తే మాకు ముచ్చట వేసింది. యుద్ధం మొదలయ్యే రోజుల్లో విల్‌హెల్మూ నికొలసూ విల్లీ, నిక్కీ అని సంతకాలు పెట్టి ఇంగ్లీషులోనే తంతులు ఇచ్చుకున్నారు. వాళ్ళకు బావా అన్న మాట ఉండి ఉంటే యుద్ధం ఆగేదని మేము అనడంలేదు. మన బావలు కోర్టులకు ఎక్కడం మేమెరుగుదుము. 1917లో నికొలస్ సింహాసనం పోయినప్పుడు ఇంగ్లండులో తలదాచుకోనిస్తామని ముందు అని, జార్జి వెనక్కు తగ్గడంతో ఆ మాట తప్పారు. మరుసటి ఏడు నికొలస్ కుటుంబమంతా హతమైంది. కజిన్‌కు చోటివ్వలేదు అంటే అయ్యో అనిపిస్తుంది. పెద్దమ్మ కొడుకు తమ్ముడికి చోటివ్వలేదు అని తెలుగులో చెప్పుకుంటే మరొక రకంగా తగులుతుంది.

ఇప్పుడు తలకిందులు చేసి మన కథను ఇంగ్లీషులో చెప్పి చూడండి. 1957లో వచ్చిన మాయాబజారు సినిమా చూడని తెలుగు ఇల్లు ఉండదు. అభిమన్యుడు సుభద్ర కొడుకు, శశిరేఖ బలరాముని కూతురు. మేనమామ కూతురు, చిన్ననాటి మాట, అందరూ మెచ్చే జంట. దీన్ని ఒక దొరకు చెప్పవలసి వచ్చి, కజిన్ ఒకడు కజిన్‌ను ప్రేమించాడు అన్నామనుకోండి, ఆయన ముఖం చిట్లిస్తాడు. లక్ష్మణకుమారుడు ఎవరు అంటే ఆయనా కజినే, సెకండ్ కజిన్ అనాలి. మన వరసలో చూస్తే, అర్జునుడికి దుర్యోధనుడు పెదనాన్న కొడుకు గనక లక్ష్మణకుమారుడూ శశిరేఖకు బావ వరసే. బావ వరస అయిన ఇద్దరు, పిల్ల ఒకతె, కథకు కావలసిన మెలిక అంతా ఆ వరసలోనే ఉన్నది. కౌరవపాండవులు మాత్రం ఒకరికొకరు దాయాదులు. దాయం అంటే ఆస్తిలో పాలు. పాలు ఉన్నచోట పోరు ఉంటుందని ఆ మాట విన్నవాడికి వేరే చెప్పనక్కరలేదు. మన పత్రికలు పాకిస్తానును దాయాది దేశమని రాయడం ఇప్పటికీ చూస్తున్నాము. దాన్ని ఇంగ్లీషులో కజిన్ దేశమంటే ఏదో ప్రేమగా ఉన్నట్టు ధ్వనిస్తుంది.

ఇంతవరకూ చదివి, వీరికి కజిన్ అన్న మాటమీద ఏదో కక్ష ఉన్నదని పాఠకులు అనుకోవచ్చు. కొంచెం ఉన్నది. కారణం చెబుతాము.

మా పెదనాన్నగారి కొడుకు మాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మా చిన్నతనంలో మా నాన్నగారు పోతే నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచినవాడు ఆయన. మాకు చదువు చెప్పించినవాడూ ఆయనే. పెళ్ళి చేసుకోలేదు. మా ఇల్లే ఆయన ఇల్లు. కొన్నేళ్ళ కిందట ఆయనకు కడుపులో పుండు ముదిరి ఒక ఆసుపత్రిలో చేర్చాము. అదే రాత్రి ఆపరేషను చేయాలన్నారు. కాగితంమీద సంతకం పెట్టడానికి మేము వెళ్ళాము. బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడు, పేషెంటుకు మీరేమవుతారు అని అడిగాడు. బ్రదర్ అన్నాము. అతను రెండు గుర్తింపు కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు. తండ్రుల పేర్లు వేరు.

"రియల్ బ్రదరా, కజిన్ బ్రదరా?" అని అడిగాడు.

అరవై ఏళ్ళలో ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేమూ ఆయనను అడగలేదు. కజిన్ అని చెప్పాము. అబద్ధం కాదు గదా. "అయితే సొంతవాళ్ళు ఎవరైనా రావాలి" అన్నాడు అతను, కాగితం వెనక్కు తీసుకుంటూ. సొంతవాళ్ళు ఎవరని చెప్పాలి? ఆయనకు మేమే, మాకు ఆయనే. గంటసేపు బల్లకూ బెంచీకీ మధ్య తిరిగాము. చివరకు పెద్ద డాక్టరు కిందికి వచ్చి, మా ముఖం చూసి, సంతకం పెట్టించుకున్నాడు. ఆ కుర్రవాడిది తప్పు అనలేము. అతని కాగితంలో రెండే గళ్ళు ఉన్నవి, మూడోది లేదు. ఆపరేషను బాగానే జరిగింది. తరువాత ఈ సంగతి చెబితే అన్నయ్య, "ఇంగ్లీషులో కజిన్ అయితే అయ్యానులే, తెలుగులో ఇంటికి తీసుకెళ్ళు" అన్నాడు. మరి నాలుగేళ్ళు మాతోనే ఉండి వెళ్ళిపోయాడు.

కజిన్ బ్రదర్ అన్న ఈ జంటమాట మన దేశపు ఇంగ్లీషులోనే ఎక్కువగా వినబడుతుంది. ఇంగ్లండులో అంటే వాళ్ళకు వింతగా ఉంటుంది, కజినా బ్రదరా తేల్చుకో అన్నట్టు చూస్తారు. మనవాళ్ళు దాన్ని ఎందుకు కల్పించుకున్నారో తెలియనిది కాదు. నోరు కజిన్ అంటున్నది, మనసు అన్న అంటున్నది, రెంటినీ కలిపి ఒక మాట చేశారు. తప్పు ఇంగ్లీషే, ఒప్పు చుట్టరికం. మేము దాన్ని దిద్దడం మానివేశాము.

మరి రెండో పక్క కూడా చెప్పవలసి ఉన్నది. మా చెల్లెలి మనుమరాలు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నది. పోయిన ఏడు ఒక పెళ్ళిలో తన స్నేహితురాళ్ళకు ఒక పిల్లవాణ్ణి చూపించి, మై కజిన్ అన్నది. వాడు దాని సొంత మేనత్త కొడుకు. మేము పక్కనే ఉండి, పాత అలవాటు కొద్దీ, "కజిన్ ఏమిటే, బావ అనరాదూ?" అన్నాము. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. పిల్ల ఏమీ అనలేదు. భోజనాలయిన తరువాత మా పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నది.

"తాతయ్యా, మీరు బావ అనగానే ఎంతమంది నవ్వారో చూశారా? మేమిద్దరం చిన్నప్పటినుంచి కలిసి ఆడుకున్నాము. నాకు పదహారేళ్ళు వచ్చినప్పటినుంచి అందరూ పెళ్ళెప్పుడు, పెళ్ళెప్పుడు అంటుంటే వాడు మా ఇంటికి రావడమే మానుకున్నాడు. నేను కజిన్ అనడం మొదలుపెట్టాక మళ్ళీ వస్తున్నాడు."

దీనికి మేము జవాబు చెప్పలేదు. మా దగ్గర లేదు. వరస అన్నది ఒక గుమ్మమైతే, ఆ గుమ్మం దాటే తీరాలని వెనకనుంచి నెట్టేవాళ్ళు ఉన్నప్పుడు పిల్లలు కిటికీలోనుంచి దూకుతారు. కజిన్ ఆ పిల్లకు కిటికీ. కొందరు ఇళ్ళలో ఆడపిల్లలు మేనమామ కొడుకును అన్నయ్య అని పిలవడం మొదలుపెట్టారు. ఉద్దేశం అదే, మార్గం మాత్రం మాకు నచ్చలేదు. అన్నయ్య అంటే ఆ అన్నయ్య చెల్లెలు నీ తమ్ముడికి ఏమవుతుందో తేలక, మొత్తం వరసలన్నీ ఒకదానిమీద ఒకటి పడతవి. దానికంటే కజినే నయం.

ఒరిస్సాలోనూ మహారాష్ట్రలోనూ పెరిగే మన పిల్లలకు ఇంకొక ఇబ్బంది ఉన్నది. చెన్నపట్నంలోనో మైసూరులోనో మనకు అది లేదు, పక్కింటివారిదీ మన ఏర్పాటే గనక. ఒడియా ఇళ్ళలో మేనమామ కూతురు చెల్లెలు, రాఖీ కట్టే చెల్లెలు. మరాఠీలో నాలుగు వైపుల వాళ్ళకూ నాలుగు మాటలున్నవి, చులతభావూ, మామేభావూ, ఆతేభావూ, మావసభావూ అని. అంటే ఏ వైపో చెబుతారు గాని అన్నిటి చివరా భావూ, సోదరుడే. అయినా ఆ మరాఠీవారిలోనే కొన్ని కులాలలో మేనమామ కూతుర్ని చేసుకునే ఆచారం ఉన్నది. ఇరావతీ కార్వే 1953లో అచ్చువేసిన తన చుట్టరికాల గ్రంథంలో ఉత్తరదేశపు ఏర్పాటూ దక్షిణదేశపు ఏర్పాటూ ఎట్లా వేరో, మహారాష్ట్ర రెంటి మధ్యా ఎట్లా ఉన్నదో వివరంగా రాశారు. బడిలో తోటి పిల్లలు, మీరు చెల్లెల్ని పెళ్ళిచేసుకుంటారట గదా అని అడిగినప్పుడు మన పిల్లవాడు ఏం చెప్పాలి? బౌధాయనుని ధర్మసూత్రంలోనే ఇది దక్షిణాదివారి ఆచారమని రాసి ఉన్నది అని చెప్పడానికి వాడికి పదేళ్ళు. కాబట్టి కజిన్ అని ఊరుకుంటాడు.

ఇక ఆసుపత్రిలో మాత్రం కజిన్ అన్న మాటే సరైనది. ఈ ముక్క చెప్పడం మాకు అంత ఇష్టం లేదు గాని చెప్పాలి. మేనమామ కూతురైనా పినతండ్రి కూతురైనా మనకూ వాళ్ళకూ పంచుకున్న రక్తం సగటున ఒకటే, ఎనిమిదో వంతు. బీజానికి వరస తెలియదు. ఒక రోగం తాలూకు దోషం తాతలో దాగి ఉంటే, అది కూతురి వైపూ కొడుకు వైపూ దిగి, మేనరికంలో మళ్ళీ కలుసుకోవచ్చు. మామూలు దంపతుల పిల్లల్లో పుట్టుకతో వచ్చే పెద్ద లోపాలు నూటికి రెండు మూడు ఉంటే, ఫస్ట్ కజిన్స్ పిల్లల్లో దానికి మరొక రెండు మూడు కలుస్తవని వైద్యులు చెబుతారు. నూటికి తొంభైమందికి పైగా ఏమీ ఉండదు. కాని తరతరాలుగా అదే ఇంటికి ఇచ్చిపుచ్చుకుంటూ వస్తే లెక్క పెరుగుతుంది. అక్క కూతుర్ని చేసుకుంటే పంచుకున్నది ఎనిమిదో వంతు కాదు, నాలుగో వంతు. మాకు తెలిసిన ఒక డాక్టరమ్మ చెప్పారు. కడుపుతో ఉన్న అమ్మాయిని, మీది కజిన్ మ్యారేజా అని అడిగితే, కాదండీ, మా బావే అంటుందట. అబద్ధమాడాలని కాదు. ఆ పిల్ల మనసులో కజిన్ అంటే ఎవరో, బావ అంటే ఎవరో. అప్పటినుంచి ఆవిడ ప్రశ్న మార్చుకున్నారట, మీ అత్తగారు పెళ్ళికి ముందు మీకేమవుతారు అని అడుగుతారట.

చార్లెస్ డార్విన్ 1839లో పెళ్ళాడిన ఎమ్మా ఆయన సొంత మేనమామ కూతురు. ఆయనకంటే తొమ్మిది నెలలు పెద్ద, మన లెక్కలో వదిన. మరుసటి ఏడు విక్టోరియా రాణి పెళ్ళాడిన ఆల్బర్టు ఆమెకు మేనమామ కొడుకు. ఇంగ్లీషువాళ్ళకూ మేనరికాలు కొత్త కాదు, దాన్ని చెప్పే మాటే లేదు. డార్విన్‌కు పదిమంది పిల్లలు, ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. తన పెళ్ళే దీనికి కారణమేమోనని ఆయనకు బెంగ ఉండేది. ఆయన కొడుకు జార్జి 1875లో ఫస్ట్ కజిన్ పెళ్ళిళ్ళమీద లెక్కలు తీసి అచ్చువేశాడు.

మన చట్టం ఈ చిక్కును ఎట్లా దాటిందో చూస్తే ముచ్చటగా ఉంటుంది. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టం ఇంగ్లీషులోనే రాశారు గాని, ఎవరెవరు పెళ్ళాడకూడదో చెప్పే పట్టికలో కజిన్ అని ఒక్క ముక్కలో తేల్చలేదు. తండ్రి సోదరుని కూతురు, తండ్రి సోదరి కూతురు, తల్లి సోదరి కూతురు, తల్లి సోదరుని కూతురు అని నాలుగూ విడివిడిగా రాశారు. 1963లో దాన్ని సవరించి ఆచారం ఉన్నవాళ్ళకు మినహాయింపు దారి పెట్టారు. 1955 నాటి హిందూ వివాహచట్టంలో తండ్రివైపు అయిదు తరాలు, తల్లివైపు మూడు తరాలు అడ్డు. దానిలో కూడా ఆచారం అనుమతిస్తే సరే అన్న మాట ఉన్నది. ఆ మాట వల్లనే మన మేనరికాలు చెల్లుతున్నవి.

ఇక బరంపురం పాఠకురాలి మనుమడి కాగితం సంగతి. ఆ పెద్ద గడిని చెరిపివేయనక్కరలేదు. బడివాళ్ళు మార్కులు తగ్గిస్తారు. గడి మధ్యలో నిలువుగా ఒక గీత గీయించండి. గీతకు ఎడమపక్క పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ పిల్లల పేర్లు రాసి పక్కన అన్న, అక్క, తమ్ముడు, చెల్లి అని తెలుగులో పెట్టించండి. కుడిపక్క మేనమామ, మేనత్త పిల్లల పేర్లు రాయించండి. ఆ పక్క వరస రాయాలా వద్దా అన్నది పిల్లవాడినే అడగండి. పైన కజిన్స్ అన్న మాట అట్లాగే ఉండనివ్వండి. టీచరమ్మ ఈ గీత ఏమిటి అని అడిగితే వాడే చెబుతాడు, వాడు మీ మనుమడు గదా.

పాఠకులకు ఒక మనవి. పిన్నిని కొందరు చిన్నమ్మ అంటారు, చిన్నాన్నను కొందరు బాబాయి అంటారు, కొందరు చిన్నాయన అంటారు. అవ్వ, జేజి, నాయనమ్మ, అమ్మమ్మ, ఒక్కొక్క జిల్లానుంచి వచ్చినవాళ్ళు ఒక్కొక్కటి వెంట తెచ్చుకున్నారు. మీ ఇళ్ళలో ఎవరిని ఏమని పిలుస్తారో, మీ పెద్దలు ఏ ఊరినుంచి ఎప్పుడు కదిలి వచ్చారో రెండు ముక్కలు రాసి పంపండి. వాటిని ఒక పట్టికగా వేస్తాము. వచ్చే నెల సారీ అన్న మాట సంగతి చూద్దాము. దానికి కూడా ఒక ఉత్తరం వచ్చి ఉన్నది, కోపంగా రాశారు.